కాన్సరు చికిత్సకు తోడైన మందు – బృహద్ధమనీ శోథము

కాన్సరును మందులతో నెదుర్కొనిన చరిత్రయొక్క తొలిపుటలలోనే ఒక తెలుగువాని పేరు కానవచ్చును. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యున్న కాలముననే అమినోప్టెరిన్ వెలువడినది. 1948లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకాన్సరు సోకిన పిల్లల కిచ్చి, కొందఱికి తాత్కాలికముగా ఉపశమనము చేకూర్చెను. అయితే ఇట్టి మందులు వ్యాధికణములతోపాటు ఎముకలలోని మూలుగను గూడ దెబ్బతీయును. తెల్ల రక్తకణములు క్షీణించిన రోగికి స్వల్పమైన అంటువ్యాధియు ప్రాణాంతకము కావచ్చును.

ఈ కణములను వృద్ధిచేయు జి.సి.ఎస్.ఎఫ్. అను పదార్థమును మెల్బోర్ను నగరమున డొనాల్డ్ మెట్కాఫ్ బృందము 1983లో ఎలుకల కణజాలమునుండి శుద్ధిచేసెను. దాని మానవరూపమైన ఫిల్గ్రాస్టిమ్ 1991లోను, దీర్ఘకాలము పనిచేయు పెగ్‌ఫిల్గ్రాస్టిమ్ 2002లోను అమెరికాలో అనుమతి పొందినవి. ఇవి రోగులకు మహోపకారము చేసినవి.

కాని మిక్కిలి అరుదుగా, సూది వేసిన కొలదిదినములకు బృహద్ధమని గోడయే వాచుట కలదు. 2004 నాటికి ఇట్టి రోగవృత్తాంతములు వైద్యపత్రికల కెక్కినవి. 2018లో ఐరోపా, జపాను దేశముల ఔషధ నియంత్రణ సంస్థలు ఈ విషయమున హెచ్చరిక చేసినవి. గుర్తించుట కింత జాగేల? జ్వరము, నీరసము, వీపునొప్పి, కడుపునొప్పి – ఇవియే దీని లక్షణములు. కీమోథెరపీ పొందిన రోగికి జ్వరము వచ్చినచో వైద్యుడు మొదట సూక్ష్మజీవులనే శంకించును. అట్లు శంకించుట న్యాయమే. రక్తపరీక్షలో సూక్ష్మజీవి కనబడక, యాంటిబయాటిక్ మందులకు జ్వరము లొంగనపుడే వేఱొక కారణము వెదకవలసి వచ్చును. ఱొమ్ములోపలి ధమని చేతికి తగులదు.

ఇచట ఛాయాచిత్రములే శరణ్యము. హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముతో 1971లో లండనునందు తొలిసారి రోగి మెదడును చిత్రించిరి. నేడు రంగుమందు ఎక్కించి తీసిన సి.టి.లో ధమనిగోడ మందమగుటయు, చుట్టునున్న క్రొవ్వు మసకబారుటయు కనబడును. పెట్ పరీక్షలో, వాచిన గోడ రేడియోధార్మిక చక్కెరను అధికముగా గ్రహించి వెలుగును. ఈ మందువలన మూలుగయు, ప్లీహమును గూడ వెలుగును గావున చిత్రమును జాగ్రత్తగా పరిశీలింపవలెను.

అయినను చిత్రము వాపును చూపును గాని కారణమును చెప్పదు. 1908లో జపానునందు తకయాసు వర్ణించిన వ్యాధియందును, సూక్ష్మజీవుల వలని శోథమునందును ఇట్టి గుర్తులే యుండును. ఈ భేదము ప్రాణప్రదమైనది. మందువలని శోథము, మందు మానిపించినను, స్టిరాయిడ్ ఇచ్చినను తఱచుగా శమించును. సూక్ష్మజీవులున్నచోట స్టిరాయిడ్ కీడు చేయవచ్చును. గుర్తింపనిచో తరువాతి విడతలో అదే సూది మరల పడును.

కావున సూది వేసిన తేదీని రోగి బంధువులు వ్రాసియుంచి, చిత్రము తీయు వైద్యునికి తెలుపవలెను. చిత్రము శోథమును చూపగా, ఆ తేదీ దాని మూలమును సూచించును.