రిజిస్టరుకెక్కని బొంతలు

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. మా ఐ.పోలవరం మండలంలో భైరవపాలెం మత్స్యకారులు పడిన కష్టం వర్ణనాతీతం. పోయిన ప్రాణాలకు, కూలిన కొబ్బరిచెట్లకు లెక్కలు రాశారు. ఇళ్ళల్లో ఆడవారు కుట్టి పంచిన బొంతల లెక్క మాత్రం నేను చూసిన ఏ రిజిస్టరులోనూ లేదు.

నీరు తీసిన ఇంట్లో ముందు కావలసింది పొడిగుడ్డ. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వదిన, ఇరుగుపొరుగు అమ్మలు మా అరుగు మీద చేరేవారు. నాలుగైదు పాత నూలుచీరలు ఉతికి, పొరలుగా పరిచి, ముందు అంచులు కుట్టి, తర్వాత లోపలికి వరుసలు వేసేవారు. బాగా నలిగి మెత్తబడిన చీరలు పసిపిల్లల బొంతలకు విడిగా తీసేవారు. మిషను ఉన్నావిడ గౌన్లు, లాగులు కుట్టేది. చేతనైనవారు ఉన్ని టోపీలు అల్లారు.

వశిష్ఠకు ఆవల నరసాపురం లేసు విదేశాలకు వెళ్ళేదే. అయినా అల్లేవారిని పనివారుగా కాక ఇంట్లో కూర్చున్న గృహిణులుగానే చూశారని మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకమే రాసింది. కూలి ముట్టే లేసుకే ఆ గతి అయితే, ఊరికే ఇచ్చిన బొంత నెవరు రాస్తారు!

ఇప్పుడు పాత నూలుచీరలే కరువు. పాలియెస్టరు చీర చెమట పీల్చదు, కుట్టబోతే జారిపోతుంది. ఆనాడు మీ ఇళ్ళల్లో ఎవరెవరు ఎన్ని కుట్టారో రాసి పంపండి. వచ్చే సంచికలో వేయవలసిందిగా సంపాదకులను కోరుతున్నాను.