బస్తరు సీమలో పురిటి వైద్యము – బీమా

తొలి కాన్పు పుట్టింట జరుగుట తెలుగువారి ఆచారము. ఆ ఆచారము వెనుక ఒక లోకజ్ఞానము కలదు. కన్నతల్లి చెంత నుండును. చేయి తిరిగిన మంత్రసాని పొరుగుననే యుండును. ఖర్చు మాట కూతురి చెవిని పడదు. ఉద్యోగరీత్యా దూరదేశములకు పోయిన కుటుంబములకు ఈ మూడును ఒక్కసారిగా కొరవడినవి. అప్పుడు రెండు ప్రశ్నలు తలయెత్తినవి: పురుడు పోయువారెవరు? ఆ వ్యయము భరించువారెవరు? ఈ రెండు ప్రశ్నలును ఎంత కాలము వేర్వేరు దారుల నడచినవో బస్తరు చరిత్ర తెలుపగలదు.

బస్తరు ఆంధ్రులకు పరాయిసీమ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరము చేరి రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. దక్షిణపు కొసన నున్న కొంట, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు నేటికిని వినవచ్చును. అవిభక్త బస్తరు జిల్లా వైశాల్యము సుమారు 39,000 చదరపు కిలోమీటర్లు. అనగా కేరళ రాష్ట్రముకంటె కొంచెము పెద్దది. ఇంతటి సీమకు చిరకాలము జగదల్‌పూరు ఒక్కటే ముఖ్య పట్టణము. ఆ పట్టణమందలి పెద్ద ఆసుపత్రికి మహారాణి ఆసుపత్రి అని పేరు. సంస్థానమును పాలించిన మహారాణి ప్రఫుల్లకుమారీదేవి 1936లో లండనులో మరణించెను. రాణికి సముద్రములు దాటి వైద్యము వెదకుకొను శక్తి యుండెను. అడవిపల్లెలోని గోండు యువతికి జగదల్‌పూరే సముద్రమునకు ఆవలి తీరము.

ఇక వ్యయము సంగతి. రోగబీమాకు చట్టరూపము మొదట ఇచ్చినది జర్మనీ. 1883 నాటి చట్టములోనే బాలింతలకు కొన్ని వారముల భృతి చెల్లించు ఏర్పాటు కలదు. మన దేశమున 1929లో బొంబాయి రాష్ట్రము ప్రసూతి సౌకర్యముల చట్టము చేసెను. 1941లో గనులలో పనిచేయు స్త్రీలకు ప్రత్యేక చట్టము వచ్చెను. 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరున ఆ పథకము ప్రారంభింపబడెను. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు చందాతో కూడిన ఆరోగ్య పథకము 1954లో ఢిల్లీలో మొదలయ్యెను. ఆ పథకము లేని ఊళ్ళలో 1944 నాటి వైద్య పరిచర్యా నియమములే ఆధారము. అధీకృత వైద్యుని చూపించుకొని, బిల్లు సమర్పించి, పైకము రాబట్టుకొనవలెను. నియమము చక్కనిదే. కాని అధీకృతుడైన వైద్యుడు ఉన్నంత మాత్రమున ఆ ఊర ప్రసూతి నిపుణురాలు ఉన్నట్లు కాదు.

బైలాడీలా కొండలలో ఇనుపగనులు తెరచిన నాడు ఈ సమస్య తెలుగువారి గడప తొక్కినది. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరందులు వద్దను, 1977లో బచేలీ వద్దను ఉత్పత్తి ప్రారంభించెను. ఖనిజము విశాఖ రేవునకు చేర్చుటకై కొత్తవలస నుండి కిరందులు వరకు సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గము వేయబడెను. రాజ్యబీమా చట్టము గనులకు వర్తింపలేదు. కావున అచటి కార్మిక కుటుంబములకు సంస్థ ఆసుపత్రులే శరణ్యమైనవి. ఇనుపరాయిని దించుటకు వేసిన ఆ దారియే గర్భిణులకు పుట్టింటి దారియు నైనది. అరకు కొండల మీదుగ విశాఖ చేరినచో కింగు జార్జి ఆసుపత్రి, స్త్రీల ఘోషా ఆసుపత్రి అందుబాటున నుండెను. రైలు పట్టాలు లేని పల్లెల స్త్రీలకు ఆ భాగ్యమును లేకపోయెను.

2000 సంవత్సరమున ఛత్తీసుగఢ్ రాష్ట్రమేర్పడెను. 2005లో ఆసుపత్రి కాన్పులకు ధనసహాయమిచ్చు జననీ సురక్షా యోజన వచ్చినది. 2006లో జగదల్‌పూరున వైద్య కళాశాల వెలసినది. 2008లో పేద కుటుంబములకు ఏటా 30,000 రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించు రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన ఆరంభమైనది. 2011 నుండి ప్రభుత్వాసుపత్రులలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, రక్తము, రాకపోకల వాహనము ఉచితములైనవి. 2018లో ఆయుష్మాన్ భారత్ ఆ బీమా పరిమితిని ఏటా కుటుంబమునకు 5 లక్షలకు పెంచెను. కాగితము మీద చూచినచో రెండవ ప్రశ్నకు సమాధానము దొరికినట్లే.

అయితే డబ్బు ముందు నడచి వైద్యము వెనుకబడినచో ఏమగునో 2012లో ఆ రాష్ట్రమే చూచినది. బీమా సొమ్ము కొరకు కొన్ని ప్రైవేటు ఆసుపత్రులలో అవసరము లేకయే స్త్రీల గర్భసంచులు తొలగింపబడినవన్న ఆరోపణలు చెలరేగెను; ప్రభుత్వము విచారణ జరిపి కొందరు వైద్యులపై చర్య తీసికొనెను. కార్డును అంగీకరించు వైద్యుడు దొరకుట ఒక యెత్తు. స్త్రీ క్షేమము కోరు వైద్యుడు దొరకుట వేరొక యెత్తు.

కష్టకాన్పునకు శస్త్రచికిత్స చేయవలెనన్న నిపుణురాలు ఒక్కతె చాలదు. మత్తు ఇచ్చు వైద్యుడు కావలెను. నిలువచేసిన రక్తము కావలెను. రాత్రివేళ కదలు వాహనము కావలెను. వీనిలో ఏ ఒక్కటి లేకున్నను తక్కినవి నిష్ఫలములు. ఈ కొరత తీర్చుటకే సామాన్య వైద్యులకు ప్రసూతి శస్త్రచికిత్సలోను, మత్తు ఇచ్చుటలోను ప్రత్యేక శిక్షణ ఇచ్చు పద్ధతి వచ్చినది. 2002 నుండి ఊరూర ఎన్నుకొనబడిన మితానినులు గర్భిణులను వెంటబెట్టుకొని ఆసుపత్రికి తెచ్చుచున్నారు. కొంట వైపువారు నేటికిని సరిహద్దు దాటి భద్రాచలము ప్రభుత్వాసుపత్రికి వచ్చుచుందురు. నొప్పులు పడు తల్లికి రాష్ట్రపు హద్దు కనబడదు, దగ్గరనున్న దీపము కనబడును.

అన్నమదేవుడు గోదావరి దాటి పోయెనందురు. నేడు బస్తరు ఆడబిడ్డలు పురిటికై అదే గోదావరి తీరమునకు వచ్చుచున్నారు. పుట్టిల్లనగా పెట్టుపోతలు మాత్రమే కాదు, పలుకరించి లోనికి తీసికొను గుమ్మము. బీమా ఖర్చు భరింపగలదు. ఆ గుమ్మమున మనిషిని నిలుపవలసిన బాధ్యత మాత్రము ప్రభుత్వము మీదను, సమాజము మీదను నిలిచియే యున్నది.