గోదావరి గట్టుకు ముగ్గురి కాపలా

వరద రోజుల్లో కోనసీమ చెవులన్నీ భద్రాచలం కబురు మీదే ఉంటాయి. అక్కడ గోదావరి మట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు దాదాపు మర్నాటికి ధవళేశ్వరం చేరుతుంది. ఈలోగా లంకల వాళ్లు పశువుల్ని గట్టెక్కించాలి, బియ్యం, సామాను పడవలకెక్కించాలి. నీటిపారుదల శాఖలో నా ఉద్యోగమంతా ఏటిగట్ల మీదే గడిచింది. ఆ ఒక్క రోజు వ్యవధి మనకెలా దక్కిందో చెప్పాలని నా తపన.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టా పచ్చబడింది. కానీ దిగువ మద్రాసు ప్రభుత్వం కింద ఉంటే, ఎగువ గోదావరిలో చాలా భాగం నిజాం ఏలుబడిలో ఉండేది. 1953 ఆగస్టులో పెద్ద వరద వచ్చేనాటికీ ఎగువ హైదరాబాద్ రాష్ట్రం, దిగువ మద్రాసు రాష్ట్రం. నది ఒకటే, కచేరీలు రెండు.

1954లో కేంద్రం జాతీయ వరద నియంత్రణ కార్యక్రమం ప్రకటించింది. 1958లో ఢిల్లీ దగ్గర యమునతో మొదలైన వరద అంచనా పని తర్వాత గోదావరికీ వచ్చింది. ప్రాణహిత మహారాష్ట్ర నీటిని, ఇంద్రావతి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నీటిని, శబరి ఒడిశా నీటిని తెచ్చి కలుపుతాయి. వాటన్నిటి లెక్క ఏ ఒక్క రాష్ట్రానికీ అందదు. అందుకే పేరూరు, భద్రాచలం, కూనవరం వంటి చోట్ల మట్టం చూసి ముందుగా చెప్పే పని కేంద్ర జలసంఘానిది. గట్టు మాత్రం రాష్ట్రానిది. నీటిని, కరకట్టల్ని రాజ్యాంగం రాష్ట్ర జాబితాలోనే పెట్టింది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగి ఊళ్లు మునిగాయి. ఆ తర్వాత గట్లు ఎంత ఎత్తు లేపాలన్నా 86 వరదే కొలత.

అయితే ఎత్తొక్కటే గట్టును కాపాడదు. గట్టు కాపలాదార్లయిన లస్కర్లు రాత్రుళ్లు లైటు పట్టుకుని ఏటివైపు కాదు, ఊరివైపు వాలు చూసేవాళ్లు. ఎలుక బొరియల గుండా, ఎండ్రకాయల కలుగుల గుండా ఊట దిగేది అటే. ఊట తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. బురదగా వస్తే లోపల గట్టు మట్టి కోసుకుపోతున్నట్టే. వెంటనే ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీరు నిలబెడతారు. ఆ బరువుకు ఊట ఒత్తిడి తగ్గుతుంది. బస్తాలు మోసేది ఊరివాళ్లే. ఏ చోట గట్టు జారుతుందో మాకంటే ముందు చెప్పేదీ వాళ్లే.

2022 జులైలో భద్రాచలం మళ్లీ 71 అడుగులు దాటింది. అప్పటికి భద్రాచలం తెలంగాణలో, కూనవరం ఆంధ్రలో ఉన్నాయి. జలసంఘం అంచనాలు రెండు రాష్ట్రాలకూ అందాయి, జాతీయ విపత్తు దళం పడవలతో దిగింది. దిగువ గట్లు బలహీనంగా ఉన్న చోట్ల సిబ్బంది, జనం కలిసి బస్తాలు వేశారు.

కేంద్రం, రాష్ట్రం, ఊరు: ఈ ముగ్గురిలో ఎవరు లేకపోయినా గట్టు నిలవదు. భద్రాచలం అంకె ఎంత వేగంగా వచ్చినా, మా ఊళ్లో ఏ వీధి దాకా నీరొస్తుందో చెప్పకపోతే ముసలమ్మ ఇల్లు కదలదు. ప్రతి లంకలో బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద 86 మట్టం, ఈ మధ్య వరదల మట్టం రంగుతో గీయాలి. కేంద్రం లెక్కను పంచాయతీ ఆ గీతతో కలిపి చెప్పాలి. గట్టుకు లస్కరును ఉంచాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. వేసవిలోనే పూర్తి చేయగల పనులివి.