జలుబుకు వేడివేడి విస్కీ.. వెచ్చగా ఉంటుంది సరే, తగ్గుతుందా?

చలికాలం జలుబు చేస్తే చాలు.. వేడినీళ్లలో కాస్త రమ్ము, మిరియాల పొడి కలిపి తాగమంటారు కొందరు. స్కాట్లాండ్‌లో ఇలాంటిదే హాట్ టాడీ. ఆ 'టాడీ' మన కల్లే.. హిందీ 'తాడీ' నుంచి వెళ్లిన మాట! కప్పు వేడినీళ్లలో స్పూన్ తేనె, అరచెక్క నిమ్మరసం, ఒక లవంగం వేసి, స్టవ్ మీద నుంచి దించాకే 30 ఎంఎల్ విస్కీ పోస్తారు. మంట మీద పోస్తే అంటుకోవచ్చు, జాగ్రత్త.

గొంతుకు హాయినిచ్చేది ఆ వేడి, తేనె. మద్యంతో జలుబు తగ్గదు. చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పై ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది కానీ, లోపలి వేడి బయటికి పోతుంది.

అసలు డేంజర్.. మాత్ర వేసుకుని ఈ 'మందు' తాగడం. సెట్రిజిన్‌తో మత్తు పెరుగుతుంది. రోజూ ఎక్కువ తాగేవాళ్లకు పారాసిటమాల్‌తో లివర్‌కే ముప్పు. మాత్ర వేసుకున్న రోజు విస్కీ మానేసి మిగతావన్నీ కలుపుకోండి. పిల్లలకైతే బ్రాందీ చుక్క కూడా వేయొద్దు.