సాక్ష్యము నిదురించిన పెట్టెలు

1999 సెప్టెంబరు 20వ తేదీన అమెరికాలోని ఎన్.బి.సి. సంస్థ ‘లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’ అను టెలివిజన్ ధారావాహికను ప్రసారము చేయ మొదలిడెను. డిక్ వుల్ఫ్ దానిని రూపొందించెను. న్యూయార్కు నగరములో అత్యాచారములకు గురియైనవారి కేసులు దర్యాప్తు చేయు పోలీసు విభాగమే దాని యితివృత్తము. డిటెక్టివు ఒలీవియా బెన్సన్ పాత్రను మరిస్కా హార్గిటే ధరించెను. ఈ కథలలో ప్రయోగశాల సమాధానము చిటికెలో వచ్చును. నిజమైన చరిత్ర అంత వేగముగా నడువలేదు.

1970 తరువాతి సంవత్సరములలో సైతము చికాగో ఆసుపత్రులలో ఇట్టి సాక్ష్యమును సేకరించుటకు ఒక నిర్ణీత పద్ధతి లేకుండెను. ఒక నమూనా మరియొకదానితో కలిసిపోవుట, గాజుపలకలపై గుర్తులు లేకపోవుట సామాన్యము. కోర్టులో అవి నిలుచుట యెట్లు? మార్తా గొడార్డ్ అను సాంఘిక సేవకురాలు ఈ లోపమును పట్టుకొనెను. ఆమె ప్రయత్నము వలన, చికాగో పోలీసు ప్రయోగశాలకు చెందిన లూయీ విటూలో తోడ్పాటుతో, ఒక అట్టపెట్టె తయారయ్యెను. దూదిపుల్లలు, గాజుపలకలు, దువ్వెన, సంచులు, వైద్యుడు వరుసగా పాటింపవలసిన సూచనలు – ఇంతే అందులోని సరంజామా. 1978లో అది చికాగో ప్రాంతపు ఆసుపత్రులలో వాడుకలోనికి వచ్చెను. పెట్టె మాత్రము చాలకాలము విటూలో పేరుతోనే చెలామణి అయినది. గొడార్డ్ పేరును లోకము మరచినది.

ఆనాడు పెట్టెలోని సాక్ష్యము చెప్పగలిగినది స్వల్పము. రక్తవర్గము కలియనిచో అనుమానితుడు నిర్దోషి యని తేల్చవచ్చును. కలిసినచో ఏమియు తేలదు, అదే వర్గము వారు ఊరిలో వేలమంది యుందురు గదా! 1984లో ఇంగ్లండులోని లీస్టరు విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. ముద్రలను కనుగొనుటతో ఈ స్థితి మారెను. అయినను ఒక చిక్కు మిగిలెను. దూదిపుల్లపై బాధితురాలి కణములే అధికము. నేరస్థుని కణములు వానిలో కలిసియుండును. 1985లో పీటర్ గిల్, జెఫ్రీస్, వెరెట్ దీనికి చక్కని ఉపాయము ప్రకటించిరి. శుక్రకణపు శిరస్సులోని ప్రోటీనులను గంధకపు బంధములు గట్టిగా బిగించియుంచును. డిటర్జెంటు, ప్రోటీనులను జీర్ణించు ఎంజైము కలిపినప్పుడు స్త్రీ కణములు పగులును, ఆ శిరస్సులు పగులవు. వానిని వేరుచేసి, గంధకపు బంధములను త్రెంచు రసాయనము కలిపినచో లోపలి డి.ఎన్.ఏ. బయటపడును. సంతానమును కాపాడుటకు ప్రకృతి బిగించిన తాళమే నేరస్థుని పట్టియిచ్చుచున్నది.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ 1988లో, కట్లపాము జాతి సర్పము నుండి లభించిన డి.ఎన్.ఏ. శకలమును ఆధారముగా గొని, స్వదేశీయమైన డి.ఎన్.ఏ. ముద్రల పద్ధతిని రూపొందించెను.

ఇంత విద్య చేతనుండియు పెట్టెలు తెరువబడలేదు. 2009లో డెట్రాయిటు నగరపు పోలీసు గిడ్డంగి యొకదానిలో పదకొండు వేలకు పైగా పెట్టెలు దుమ్ము పట్టియుండుట బయటపడినది. సొమ్ము లేకపోవుట ఒక కారణము. ఫిర్యాదు చేసిన స్త్రీ మాటను నమ్మకపోవుట అంతకంటె పెద్ద కారణము. దానిని ఏ యంత్రమును సరిదిద్దలేదు. తరువాత వానిని పరీక్షింపగా, పలుమార్లు నేరము చేసినవారు వందల సంఖ్యలో తేలిరి. మొదటి పెట్టెనే తెరచియున్నచో వారి తరువాతి నేరములలో ఎన్ని ఆగియుండెడివో!

ఇచ్చట ధారావాహిక మరల కథలోనికి వచ్చును. హార్గిటేకు ప్రేక్షకుల నుండి వచ్చిన ఉత్తరములు నటనను మెచ్చుకొనునవి మాత్రమే కావు. అనేకులు తమకు జరిగిన దానిని అందు వ్రాసిరి. ఆమె 2004లో జాయ్‌ఫుల్ హార్ట్ ఫౌండేషన్‌ను స్థాపించి, ఈ పెట్టెల పరీక్షకై ఉద్యమించెను. 2017లో ‘ఐ యామ్ ఎవిడెన్స్’ అను చిత్రమును కూడ నిర్మించెను.

మనదేశమున శాస్త్రము పేర చిరకాలము సాగిన ‘రెండు వ్రేళ్ల పరీక్ష’ స్త్రీ గౌరవమునకు భంగకరమని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పెను. అట్లు పరీక్షించువారు దుష్ప్రవర్తనకు దోషులగుదురని 2022లో స్పష్టము చేసెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, సమాచారమందిన ఇరువదినాలుగు గంటలలోపల బాధితురాలిని వైద్యపరీక్షకు పంపవలెను. ఆమె సమ్మతి లేనిదే ఆ పరీక్ష జరుపరాదు.