వలస వెళ్లే కణాన్ని చూసిన కథ

ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ గుండ్రటి పురుగు ద్విలింగ జీవిలో 302 నాడీకణాలుంటాయి. అన్నీ పుట్టినచోటే ఉండవు. గుడ్లు పెట్టించే హెచ్.ఎస్.ఎన్. కణాలు పిండదశలోనే తోక నుంచి నడుముకు వలస వస్తాయి.

కేంబ్రిడ్జిలో జాన్ సల్‌స్టన్ బతికున్న పిండాలను సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూస్తూ కణ విభజనలను చేత్తో గీశారు. ఆ కణ వంశవృక్షం 1983లో వెలువడింది. కణం దారి తెలిసింది. మరి ఆ దారిలో దానిలో ఏ ప్రోటీన్ తయారవుతోంది? ప్రతిరక్షకాలతో గుర్తించాలంటే పిండాన్ని చంపాలి. చచ్చిన పిండంలో కదలిక ఎలా చూస్తాం?

1994లో మార్టిన్ చాల్ఫీ బృందం జెల్లీచేప ఆకుపచ్చ ప్రోటీన్ జన్యువును, పురుగు స్పర్శ నాడీకణాల్లో పనిచేసే మెక్-7 జన్యువు ప్రమోటరుకు జోడించింది. బతికున్న పురుగులోనే ఆ కణాలు మెరిశాయి. ఈ పద్ధతితోనే, వలస వెళ్లే కణంలో ఏ జన్యువు ఎప్పుడు మేల్కొంటుందో నేడు చూడగలుగుతున్నాం.

సల్‌స్టన్‌కు 2002లో, చాల్ఫీకి 2008లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. గమనించండి, ఒకరి ఓపిక అడిగిన ప్రశ్నకు మరొకరి ఉపాయం జవాబిచ్చింది.