పురుషుని అనారోగ్యం - సంతాన సాఫల్య చికిత్స

సంతాన సాఫల్య చికిత్స పొందే దంపతులలో భర్తకు గల వ్యాధులు, అతడు వాడే మందులు ఆ చికిత్స ఫలితాన్ని ప్రభావితం చేస్తాయి. సంతానలేమి గల జంటలలో సుమారు సగం మందిలో పురుషుని లోపం, ఒంటరిగా గాని స్త్రీ లోపంతో కలిసి గాని, ఉంటుంది. అయినను గొడ్రాలు అనే నింద స్త్రీకే దక్కుతుంది. పరీక్షలు కూడా తరచుగా ఆమెతోనే మొదలవుతాయి. వీర్య పరీక్ష సులభమైనది, ఖర్చు తక్కువ. దానిని ఆలస్యం చేస్తే భార్య వయసు పెరిగి చికిత్స మరింత కష్టమవుతుంది.

జ్వరం, వేడిమి

వృషణాల ఉష్ణోగ్రత శరీర ఉష్ణోగ్రత కంటె 2 నుండి 4 డిగ్రీల సెల్సియస్ తక్కువగా ఉండాలి. వీర్యకణం తయారై వెలుపలికి రావడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. కాబట్టి టైఫాయిడ్, డెంగ్యూ వంటి తీవ్ర జ్వరాల ప్రభావం కొన్ని వారాల తరువాత వీర్యంలో కనిపించవచ్చు. ఇటువంటపుడు 3 నెలల తరువాత పరీక్షను మరల చేయించాలి.

ముఖ్యమైన వ్యాధులు

* గవదబిళ్ళలు: యుక్తవయసు తరువాత సోకితే కొందరిలో వృషణాలు వాచి దెబ్బతింటాయి.
* మధుమేహం: అంగస్తంభన లోపం కలుగవచ్చు. కొందరిలో వీర్యం వెనుకకు మూత్రాశయంలోకి పోతుంది. అప్పుడు మూత్రం నుండి వీర్యకణాలను వేరుచేసి చికిత్సకు వాడవచ్చు.
* క్షయ: జననాంగాలకు సోకితే వీర్యనాళాలు మూసుకొనిపోవచ్చు.
* వరికోసిల్: వృషణాల పైనున్న సిరలు ఉబ్బడం. అవసరమైన వారికి శస్త్రచికిత్స చేస్తారు.
* క్యాన్సర్: కీమోథెరపీ, రేడియేషన్ వలన వీర్యోత్పత్తి ఆగిపోవచ్చు. అందుచేత ఆ చికిత్సకు ముందే వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల వద్ద, భద్రపరచుకోవడం మంచిది.

కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు కూడా వీర్యోత్పత్తిని అణచివేస్తాయి. పొగతాగడం హానికరం. అయితే వైద్యుని సలహా లేకుండా ఏ మందును మానరాదు.

చికిత్సలో మార్పులు

వీర్యకణాలు మరీ తక్కువగా ఉన్నపుడు ఒక్క కణాన్ని సూదితో అండంలోకి ప్రవేశపెట్టే ఇక్సీ పద్ధతిని అనుసరిస్తారు. బ్రసెల్స్ వైద్యులు దీనిని 1992లో ప్రకటించారు. వీర్యంలో కణాలే లేనివారికి, వీలైతే వృషణం నుండి సేకరిస్తారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

2016 వరకు ఈ మూడు పట్టణాలు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఉమ్మడి కరీంనగర్ బోదకాలు వ్యాధి గల జిల్లాలలో ఒకటి. ఆ వ్యాధిలో కొందరు పురుషులకు వరిబీజం వస్తుంది. ఇది ఉన్నంత మాత్రాన సంతానం కలగదని కాదు. కాని పెద్దదైనపుడు దాంపత్యానికి, పరీక్షకు అడ్డమవుతుంది. శస్త్రచికిత్సతో నయమవుతుంది. సిగ్గుపడి దాచుకోరాదు.

ఈ ప్రాంతం నుండి అనేకులు గల్ఫ్ దేశాలకు పనికి వెళతారు. సెలవు కొద్ది వారాలే. అందులో జ్వరం వస్తే చికిత్స ఆగిపోతుంది. అందువలన ఊరికి రాగానే వీర్య పరీక్ష చేయించుకొని, ఒక నమూనాను భద్రపరచుకుంటే, అండాలు తీసే రోజున భర్త దూరంగా ఉన్నా, అనారోగ్యంతో ఉన్నా చికిత్స కొనసాగుతుంది. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం 2023లో ప్రారంభమైంది.

చట్టం

2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం ఈ సేవలు పొందే పురుషుని వయసు 21 దాటి 55 లోపు, స్త్రీ వయసు 21 దాటి 50 లోపు ఉండాలి. చికిత్సకు లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి.

ఇవి కూడా చూడండి

* వంధ్యత్వం
* బోదకాలు
* మధుమేహం